ఆ 84 ఫ్రేములు

విజయవాడ

చిరంజీవి బుజ్జికి,

నువ్వు పంపిన లెక్కలన్నీ చూశాను. రెండున్నర గంటల సినిమాకి ఎన్‌కోడ్ నాణ్యత కొలిచే వీమ్యాఫ్ స్కోరు తీయాలంటే ఒక్క మిషను రాత్రంతా నడుస్తోందనీ, అందుకే నిమిషానికో ముక్క చొప్పున 150 ముక్కలు చేసి నాలుగు మిషన్లకి పంచాననీ రాశావు. ఆలోచన మంచిదే. కానీ ఫైలంతా ఒకేసారి కొలిచినప్పుడు 215784 ఫ్రేములకి స్కోర్లు వచ్చాయి, ముక్కలుగా కొలిచి కూడితే 215700కే వచ్చాయి. "84 ఫ్రేములంటే మూడున్నర సెకన్లేగా పెదనాన్నా, వదిలేస్తే ఏమవుతుంది?" అన్నావు.

ఆ మూడున్నర సెకన్లూ ఒక్కచోటే, చివర పేర్లు పడేచోట పోయుంటే నేనూ పోనీలే అనేవాణ్ణి. అవి అలా పోలేదు. నీ సినిమా సెకనుకి 24 ఫ్రేములది కాదు, 23.976ది. అసలు విలువ 24000ని 1001తో భాగిస్తే వచ్చేది. దాన్ని 60తో గుణించి చూడు, నిమిషానికి 1438.56 ఫ్రేములు. నీ స్క్రిప్టు ఆ చివరి భిన్నాన్ని కొట్టేసి ప్రతి ముక్కకీ 1438 తీసుకుంది. 1438ని 150తో గుణిస్తే 215700. నీ లెక్క అక్కడికక్కడే తేలిపోయింది చూశావా! అంటే 150 ముక్కల్లో 84 ముక్కలు చివర ఒక్కో ఫ్రేము పోగొట్టుకున్నాయి. మిగతా 66కి ఏమీ కాలేదు. పోయినవన్నీ అతుకుల దగ్గరే పోయాయి.

నన్ను కలవరపెట్టేది అదే. మీ దగ్గర ఎన్‌కోడింగ్ కూడా ముక్కలుగానే జరుగుతుందని పోయిన ఉత్తరంలో నువ్వే రాశావు. ఎన్‌కోడరు కొత్త ముక్క మొదలుపెట్టినప్పుడల్లా బిట్లు ఎక్కడ ఎంత ఖర్చు పెట్టాలో మళ్లీ మొదటినుంచి లెక్క వేసుకుంటుంది. ముక్క చివరికొచ్చేసరికి బిట్లు చాలక బొమ్మ మసకబారడం, కొత్త ముక్క మొదట్లో ఒక్కసారిగా తేటపడడం మామూలే. కొలత అతుకులూ ఎన్‌కోడింగ్ అతుకులూ ఒకేచోట పడితే, నువ్వు పారేసుకునేది సరిగ్గా తప్పు దాక్కునే ఫ్రేమునే. 215700 మంచి ఫ్రేములకి 95 స్కోరొచ్చిందని సంతోషపడి ఏం లాభం?

ఫిల్ము రోజుల్లో మద్రాసు ల్యాబులో నెగటివ్ కటింగ్ దగ్గర కూర్చునేవాళ్లమని నీకు తెలుసుగా. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. ఫిల్ము అంచున అడుగడుక్కీ ఒక నంబరు ఉండేది, ఎడ్జ్ నంబరు అనేవాళ్లం. పాజిటివ్ మీద ఎడిటరు కట్ చేసినచోట ఆ నంబరేమిటో, అక్కడినుంచి ఎన్నో ఫ్రేమో రాసుకుని, దాని ప్రకారం నెగటివ్ కోసేవాళ్లం. ఫలానా నిమిషం ఫలానా సెకను దగ్గర కొయ్యి అని మాకెవరూ చెప్పేవారు కాదు, చెప్పినా మేం కోసేవాళ్లం కాదు. ఇంకో సంగతి. నెగటివ్‌ని సిమెంటుతో అతికించాలంటే ఒకదాని అంచు ఇంకోదాని మీదికి ఎక్కాలి. గీకి, అంటించేసరికి అతుకు పక్కనున్న ఫ్రేములో కొంత చెడుతుంది. అందుకే ప్రతి ముక్కకీ రెండువైపులా కొంచెం ఎక్కువ ఉంచి కోసేవాళ్లం. ఆ ఎక్కువ ఉంచింది తెరమీదికి ఎప్పుడూ రాదు. నీ పనికి కావాల్సినవీ ఈ రెండే. కోత నంబరు ప్రకారం పడాలి, అంచున కాస్త అదనం ఉండాలి.

ముందు నంబరు సంగతి. నిమిషాలు మరిచిపో. ముక్కకి 1440 ఫ్రేములు అనుకో. 149 ముక్కలు 1440 చొప్పున పోగా చివరి ముక్కకి 1224 మిగులుతాయి. కూడి చూసుకో, 215784 వస్తుంది. ఫ్రేములు సున్నా నుంచి లెక్కపెడితే మొదటి ముక్క 0 నుంచి 1439 దాకా, రెండోది 1440 నుంచి 2879 దాకా, మూడోది 2880 నుంచి 4319 దాకా. దశాంశాలకి చోటేలేదు, కనుక కొట్టేయడానికీ ఏమీలేదు.

రాసుకోవడం ఇంత సులువే గానీ, ఫైలులోంచి 2880వ ఫ్రేముని పట్టుకోవడం అంత సులువు కాదు. వీడియోని కోయడానికీ మార్చడానికీ వాడే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ట్రిమ్ ఫిల్టరుకి మొదటి ఫ్రేము నంబరు, చివరి ఫ్రేము నంబరు ఇవ్వొచ్చు. చివరిదిగా ఇచ్చే నంబరు ముక్కలోకి రాదు, దానికి ముందుది వరకే వస్తుంది. ఇక్కడ కాలు జారేవాళ్లు చాలామంది. ఈ పద్ధతిలో లెక్క ఎప్పుడూ తప్పదు. కానీ 150వ ముక్క కావాలంటే సినిమా మొత్తం డీకోడ్ చేసుకుంటూ అక్కడిదాకా రావాలి. నాలుగు మిషన్లూ అదే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే పంచుకున్న లాభంలో చాలాభాగం అక్కడే పోతుంది.

అందుకని జనం టైముతో ముందుకి దూకుతారు. దూకొచ్చు, తప్పులేదు, ఎక్కడికి దూకుతున్నామో తెలిస్తే చాలు. నీ ఒరిజినల్ ప్రోరెస్ అయితే ప్రతి ఫ్రేమూ దానికదే పూర్తి బొమ్మ, ఎక్కడ దిగినా ఇబ్బంది లేదు. ఎన్‌కోడ్ అయిన ఫైలు అలా కాదు. అందులో కీఫ్రేము మాత్రమే సొంత కాళ్లమీద నిలబడుతుంది, మిగతావి పక్కవాటిని చూసి బొమ్మ కట్టుకుంటాయి. డీకోడ్ చేయకుండా కాపీ పద్ధతిలో ముక్క చేస్తే కోత నువ్వడిగినచోట పడదు, కీఫ్రేము దగ్గర పడుతుంది. ఫ్రేముల గుంపులు ఒకదాన్నొకటి చూసుకునే ఓపెన్ జీఓపీ ఫైలయితే ఇంకో చిక్కు. కీఫ్రేము తర్వాత ఫైలులో వచ్చినా తెరమీద దానికన్నా ముందు కనిపించాల్సిన బీ-ఫ్రేములు కొన్ని ఉంటాయి. అవి అంతకుముందు గుంపులోని ఫ్రేముల్ని కూడా చూసి కట్టుకునేవి. నువ్వు సరిగ్గా ఆ కీఫ్రేము దగ్గరే దిగితే ఆ ముందువి అందవు, డీకోడరు ఈ బీ-ఫ్రేముల్ని చప్పుడు చేయకుండా పారేస్తుంది. కనుక కావాల్సిన చోటికన్నా ఒక కీఫ్రేము వెనక్కి దిగి, అక్కడినుంచి డీకోడ్ చేస్తూ ముందుకి రా. ఆ కొద్ది సెకన్ల పని దండగ అనుకోకు.

టైము ఇచ్చేటప్పుడు ఒక చిట్కా ఉంది. నీకు 2879వ ఫ్రేము కావాలనుకో, ఎందుకు 2880 కాదో తర్వాత చెప్తాను. దాని అసలు సమయం 120.078292 సెకన్లు. ఎంకేవీ ఫైలు సమయాల్ని సాధారణంగా మిల్లీసెకన్లలోనే రాసుకుంటుంది, కాబట్టి అందులో అది 120.078. అడిగినదానికన్నా రాసి ఉన్నది ఒక్క వెంట్రుకవాసి ముందు. ఆ ఫ్రేము లోపలికి వస్తుందా, ముందుదని బయటికి పోతుందా అన్నది టూలుని బట్టి మారిపోతుంది. అలాంటి బేరం అసలు పెట్టుకోకు. 2878కీ 2879కీ సరిగ్గా మధ్య సమయం అడుగు, 120.057. రెండువైపులా ఇరవై మిల్లీసెకన్ల జాగా ఉంటుంది, సర్దుబాట్లు ఎటు జరిగినా మొదట దొరికేది 2879వదే. ఫైలు సమయం సున్నా దగ్గరే మొదలవుతోందో లేదో మాత్రం ముందే చూసుకో.

ఇప్పుడు జత సంగతి. వీమ్యాఫ్ ఒక్క ఫైలుని కొలవదు కదా, ఒరిజినల్ ఫ్రేము పక్కన ఎన్‌కోడ్ ఫ్రేముని పెట్టి చూస్తుంది. ఎవరి పక్కన ఎవరు నిలబడాలో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నిర్ణయించేది నంబరు చూసి కాదు, సమయం చూసి. ఎన్‌కోడ్ ఫ్రేము సమయానికి సమానంగా గానీ, అంతకు ముందుగా గానీ ఉన్న ఒరిజినల్ ఫ్రేముల్లో ఆఖరిదాన్ని మామూలుగా తీసుకుంటుంది. పైన చెప్పిన 2879నే చూడు. ఎన్‌కోడ్ ఎంకేవీలో ఉండి 120.078 అంటోంది, ఒరిజినల్ మిల్లీసెకన్లకి కుదించకుండా 120.078292 అంటోంది. ఒరిజినల్ 2879 ఇంకా రాలేదనుకుని దానికి 2878ని జత చేస్తుంది. నీ ఫైళ్లకి ఇలా కుదిరితే మిల్లీసెకన్లలో కిందికి తగ్గిన ఫ్రేములన్నిటికీ ఇదే గతి, అవి దాదాపు సగం ఉంటాయి. టీఎస్ ఫైళ్లలోనూ తప్పదు. అక్కడ సెకనుకి 90000 టిక్కులు, 23.976కి ఫ్రేముకి 3753.75 టిక్కులు పడతాయి. ముప్పాతిక టిక్కు ఎక్కడా ఉండదుగా!

ఇందులో మోసం ఏమిటంటే ఒక్క ఫ్రేము తేడాని కదలిక లేని షాటులో స్కోరు పట్టివ్వదు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే 2878కీ 2879కీ తేడా ఏముంటుంది? స్కోరు ఒకటో రెండో తగ్గుతుంది, ఎన్‌కోడరుదే తప్పనుకుంటావు. కాబట్టి సగటు చూడకు, షాటు మారేచోట ఫ్రేము ఫ్రేముకీ స్కోరు చూడు. 96, 95, 96, ఆ వెంటనే 4, మళ్లీ 95 అని కనిపిస్తే ఎన్‌కోడరుని తిట్టే పనిలేదు. ఒకవైపు పాత షాటు ఉండగా రెండోవైపు కొత్త షాటు వచ్చేసిందన్నమాట, జత తప్పింది. ఒక ముక్కలో ప్రతి షాటు మార్పు దగ్గరా అలాగే పడి, పక్క ముక్కలో ఎక్కడా పడకపోతే ఆ ముక్క కోతే ఒక ఫ్రేము పక్కకి పడింది.

మందు ఒకటే. రెండువైపులా ఫ్రేములు చేతికొచ్చాక వాటి పాత సమయాలు చెరిపేసి, సున్నా, ఒకటి, రెండు అని నంబర్ల ప్రకారం కొత్త సమయాలు వేయి. సెట్‌పీటీఎస్ ఫిల్టరు ఆ పనికే ఉంది. అయితే ఇది కోత సరిగ్గా పడ్డాకే. మొదటి ఫ్రేమే తప్పయితే తప్పుని చక్కగా వరసబెట్టినట్టే. ఫ్రేమురేటు సమం చేస్తున్నాననుకుని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఫ్రేముల్ని రెట్టించడం, తీసేయడం చేయకుండా పాస్‌త్రూలో పెట్టు. ఫోనుతో తీసిన వీడియోల్లాగా ఫ్రేమురేటు నిలకడగా లేనివీ, టీవీ కోసం 24ని 25కి పరిగెత్తించినవీ వస్తే వాటిని ఈ దారిలోకి తేకు. ముందు రెండు ఫైళ్లనీ ఒక దారికి తెచ్చి, ఆ తర్వాత ముక్కల మాట ఎత్తు.

2879 దగ్గర ఆగాం కదా. పీఎస్ఎన్ఆర్, 2004లో వాంగ్, బోవిక్, షేక్, సిమోన్‌చెల్లి నలుగురూ కలిసి రాసిన ఎస్ఎస్ఐఎం, ఈ రెండు కొలతలూ ఏ ఫ్రేముకాఫ్రేమునే చూస్తాయి. ఎక్కడ కోసినా వాటి స్కోరు మారదు. 2016లో నెట్‌ఫ్లిక్స్ బయటపెట్టిన వీమ్యాఫ్ అలా కాదు. అది కలిపి చూసే వాటిలో కదలిక ఒకటి. ఒరిజినల్‌లో ఈ ఫ్రేముకీ వెనకదానికీ ఎంత తేడా, ముందుదానికీ దీనికీ ఎంత తేడా అని రెండూ చూసి, చిన్నదాన్ని తీసుకుంటుంది. అంటే ప్రతి ఫ్రేముకీ రెండువైపులా పొరుగువాళ్లు ఉండాలి. ముక్క మొదటి ఫ్రేముకి వెనక ఎవరూ లేరు గనుక కదలిక సున్నా అని రాసేస్తుంది. కారు ఛేజ్ మధ్యలో ముక్క మొదలైనా సరే, ఆ ఒక్క ఫ్రేములో లోకమంతా నిశ్చలం! కదలిక లేని బొమ్మలో లోపాలు కంటికి ఎక్కువ కనిపిస్తాయని ఆ మోడల్ నేర్చుకుంది, కాబట్టి ఆ ఫ్రేము స్కోరు మామూలుగా కిందికి దిగుతుంది. ముక్క చివరి ఫ్రేముకీ ముందు పొరుగు లేక లెక్క మారుతుంది. ఫ్రేములన్నీ ఉన్నా స్కోర్లు మొత్తం కొలతతో కలవకపోవడానికి ఇదే కారణం, దాని పేరు చెప్పి వీమ్యాఫ్ లైబ్రరీలో బగ్గుందని వాదించేవాళ్లనీ చూశాను. షాటు మారేచోట కోస్తే ఈ బాధ ఉండదని మీ టీములో ఎవరో అన్నారన్నావు. అది తప్పు. మొత్తంగా కొలిస్తే కొత్త షాటు మొదటి ఫ్రేముకి వెనక తేడా పెద్దది, ముందు తేడా చిన్నది, చిన్నదే లెక్కలోకి వస్తుంది. అక్కడే కోస్తే ఆ చిన్నదాని బదులు సున్నా వస్తుంది. ఆ రెండూ ఒకటి కావు.

అందుకే అంచున అదనం. మూడో ముక్క నీకు 2880 నుంచి 4319 దాకా కదా, మిషనుకి 2879 నుంచి 4320 దాకా ఇవ్వు. ట్రిమ్‌లో చివరి నంబరు 4321 అని రాయాలి. 1442 ఫ్రేములకి స్కోర్లు వస్తాయి. మొదటిదీ చివరిదీ కొట్టెయ్, మిగిలిన 1440 మొత్తం కొలతతో దశాంశం దాకా కలవాలి. మొదటి ముక్కకి వెనక అదనం వద్దు, చివరిదానికి ముందు వద్దు, మొత్తంగా కొలిచినా అక్కడ పొరుగువాళ్లు లేరుగా. లాగ్ ఫైలు ప్రతి ముక్కలోనూ సున్నా నుంచే నంబర్లు వేస్తుంది, ఈ మూడో ముక్క నంబర్లకి 2879 కలిపి అసలు నంబరు వేసుకో.

తొందర కోసం ఐదు ఫ్రేములకొకటి మాత్రమే కొలిచే సౌకర్యం ఉంది, మీవాళ్లు వాడతారని విన్నాను. ఎన్‌కోడరు సెట్టింగులు అటూఇటూ తిప్పి చూసుకునేటప్పుడు సరే. విడుదలకి ముందు తీర్పు చెప్పేటప్పుడు మాత్రం ఐదింట నాలుగు ఫ్రేముల్ని కావాలనే పోగొట్టుకుంటూ 84 కోసం ఉత్తరాలు రాసుకోవడం హాస్యంగా ఉంటుంది. తప్పక వాడాల్సొస్తే అదనం ఒక ఫ్రేము కాదు, ఐదు ఉంచు. 2875 నుంచి మొదలైతే 2880 కొలతలోకి వస్తుంది. 2879 నుంచి మొదలైతే 2879, 2884 అంటూ వేరే వరస పడిపోతుంది.

కూడిక దగ్గర కూడా ఫ్రేములు పోతాయి, కాకపోతే కనిపించకుండా పోతాయి. ముక్కల సగటులకి మళ్లీ సగటు తీయకు. వెయ్యి ఫ్రేముల ముక్కకి 95, చివర మిగిలిన వంద ఫ్రేముల ముక్కకి 60 వచ్చాయనుకో. సగటుల సగటు 77.5, నిజమైన సగటు 91.8. ఆ వంద ఫ్రేములు వెయ్యితో సమానంగా ఓటేశాయి. నీ చివరి ముక్క 1224దే కనుక తేడా చిన్నదే గానీ ఉంటుంది. హార్మోనిక్ సగటు కావాలంటే లైబ్రరీ ప్రతి స్కోరుకీ ఒకటి కలిపి విలోమం తీసి, చివర ఆ ఒకటి తీసేస్తుంది, నువ్వూ అలాగే చేయకపోతే కలవదు. పీఎస్ఎన్ఆర్ ఇంకా పెంకిది. ఒక ఫ్రేము లోపం 1, ఇంకోదాని లోపం 100 అయితే డెసిబెల్సు 48.1, 28.1. వాటి సగటు 38.1. కానీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చివర చూపే సగటు, లోపాల సగటు 50.5 నుంచి లెక్కకట్టింది, అంటే 31.1. ఏడు డెసిబెల్సు తేడా! లోపాల్ని కూడి, భాగించి, ఆ తర్వాతే డెసిబెల్సులోకి మార్చు. అన్నిటికన్నా అడుగున ఉన్న ఒక్క శాతం ఫ్రేముల స్కోరెంత అని మీ మేనేజరు అడిగితే, ముక్కల జవాబుల్లోంచి దాన్ని ఏ విధంగానూ కూర్చలేవు. అందుకని ముక్కల నుంచి సగటులు తెచ్చుకోవద్దు, ఫ్రేము ఫ్రేముకీ స్కోరున్న పట్టీలు తెచ్చుకుని, అసలు నంబర్ల వరసలో ఒక్కటిగా పేర్చి, అన్ని లెక్కలూ దానిమీదే తియ్యి. ప్రేక్షకుడు సగటుని చూడడు, పాట మధ్యలో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయిన ఆ అరసెకనుని చూస్తాడు. అది కనిపించేది ఆ పట్టీలోనే.

ఇక ఇదంతా సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుందన్నావు. లెక్క సరిపోవడం ఒక్కటే చాలదు. ఒకచోట ఒక ఫ్రేము పోయి, ఇంకోచోట ఒకటి రెండుసార్లు వచ్చినా 215784 అవుతుంది. ఫ్రేమ్‌ఎండీ5 అని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఒక అవుట్‌పుట్ ఉంది, ప్రతి ఫ్రేము బొమ్మకీ ఒక వేలిముద్ర రాసిస్తుంది. మొత్తం ఫైలుకి ఒకసారి తియ్యి. ముక్కలకి తీసి, అదనాలు కొట్టేసి, వరసగా అతికించు. సమయాల గడులు వదిలేసి వేలిముద్రల గడి మాత్రమే రెండూ పోల్చు. ఒరిజినల్‌కి ఒకసారి, ఎన్‌కోడ్‌కి ఒకసారి. ఇది డీకోడ్ ఖర్చే, వీమ్యాఫ్ అంత బరువు కాదు. ఫైలు హెడరు చెప్పే ఫ్రేముల సంఖ్యని మాత్రం నమ్మకు, ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్‌తో డీకోడ్ చేయించి లెక్కపెట్టించు.

ఒక పది నిమిషాల భాగం తీసుకుని ముందు దానిమీద మొత్తం కొలతా, ముక్కల కొలతా రెండూ చేసి ఫ్రేముకి ఫ్రేము తేడా గీత గీయి. గీత సున్నా మీద పడుకుని ఉంటే సినిమా మొత్తానికి వెళ్లు. ముక్కల అంచుల్లో పొడుచుకొస్తే అదనం కొట్టేయడంలో తప్పు, షాటు మార్పుల దగ్గర పొడుచుకొస్తే జతలో తప్పు, ఒకచోటనుంచి చివరిదాకా తేడాగా ఉంటే అక్కడ ఫ్రేము పోయింది. వేలిముద్రలు కలవకపోతే స్కోరు ఫైలు రాయకుండా స్క్రిప్టు అక్కడే ఆగిపోయేట్టు కట్టుదిట్టం చెయ్యి. హెచ్చరిక వేసి ముందుకిపోతే అర్ధరాత్రి దాన్ని చదివేవాడెవడూ ఉండడు.

మీ ఎన్‌కోడింగ్ ముక్కలు ఏ ఫ్రేము దగ్గర మారతాయో ఆ నంబర్లు కనుక్కుని పంపు. నీ 149 కొలత అతుకుల పక్కన పెట్టి చూద్దాం, ఎన్ని ఒకదానిమీద ఒకటి పడుతున్నాయో. పడితే 1440ని ఇంకేదైనా సంఖ్యకి మార్చుకోవచ్చు. పెద్దమ్మ ఆవకాయ కొరియర్ చేసింది, సీసా మూత గట్టిగా లేదంటోంది, జాగ్రత్తగా విప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న